వ్యాన్ తలుపు మీద డోబ్రిన్

పొద్దున్న ఆరున్నరకి స్తోయ్కా వంటింటి కిటికీ దగ్గర నిలబడి మిరపకాయలు కాలుస్తోంది. పెరట్లోంచి పెరుగు వ్యాన్లు మూడూ ఒకదాని వెనక ఒకటి బయల్దేరే వేళ అది. ఆ రోజు రెండే వెళ్లాయి. మూడోది గోడవైపు మొహం తిప్పుకుని అక్కడే ఉండిపోయింది.

ఆమె చేతులు తుడుచుకుని కిందికి దిగింది. వ్యాన్‌కి ఎడమ పక్కన ఉండాల్సిన ఆకుపచ్చ స్టిక్కర్ లేదు. దాని మీది ఆవు బొమ్మ లేదు. 'డోబ్రిన్ పెరుగు' అన్న పెద్ద అక్షరాలూ లేవు. తెల్లటి రేకు మాత్రం మిగిలింది. పక్కనున్న బకెట్లో ఆకుపచ్చ ముక్కలు, గోకుడు కత్తి కనిపించాయి.

"ఒరేయ్ బొజిదార్! దీని ఒంటి మీద బట్ట ఎవడు ఒలిచాడ్రా?"

కొడుకు తల ఎత్తలేదు. "పాతబడిపోయింది కదమ్మా. కొత్తది వేయిస్తాం."

"పోయినేడే కదరా వేయించావు. ఏడాదికే పాతబడిపోయిందా?"

"ఎండకి వెలిసిందిలే. నువ్వు పైకెళ్లు, మిరపకాయలు మాడిపోతాయి."

మర్నాడు రెండో వ్యాన్, ఆ మర్నాడు మూడోది తెల్లబడ్డాయి. అప్పటినుంచి స్తోయ్కాకి అన్నం సయించలేదు.

ఆమె జీవితంలో ఎవరు వెళ్లిపోయినా ముందు ఏదో ఒక వస్తువు మాయమయ్యేది. అన్న సరిహద్దు దాటిపోవడానికి వారం ముందు కొక్కేనికుండే అతని కోటు కనిపించలేదు. చెల్లెలు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయిన నెలలో అద్దం ముందు దువ్వెన లేకుండా పోయింది. భర్త డోబ్రిన్ ఆసుపత్రికెళ్లిన రోజు అతని చెప్పులు మంచం కింద లేవు, అతనూ తిరిగి రాలేదు. ఇప్పుడు పేరు పోయింది. ఇక పోవలసినది తనే అని ఆమెకి అనిపించింది.

పక్కింటావిడ పెంకా గోడ మీంచి ఆ అనుమానానికి ఇంకాస్త ఆజ్యం పోసింది. "పేరు పీకారంటే వ్యాపారం ఎవరికో అమ్మేసినట్టే స్తోయ్కా. మా మరిది వాళ్లూ అంతే. బోర్డు తీశారు, నెల తిరక్కుండా ముసలామెని వృద్ధాశ్రమంలో దింపేశారు."

"మా కోడలు అలాంటిది కాదులే," అంది స్తోయ్కా. ఆ మాట తనకే గట్టిగా వినిపించలేదు.

ఆ కోడలు నెవెనా మంగళవారం మంచి నీలం కోటు వేసుకుని, చంకలో ఫైలుతో బయటికెళ్లింది. ఎక్కడికని అడిగితే "ఊళ్లో పని ఉందత్తయ్యా" అంది. పై మంగళవారమూ అదే కోటు, అదే ఫైలు, అదే మాట. గురువారం మెట్ల మీద ఫోన్లో మాట్లాడుతూ, "అత్తయ్యకి మాత్రం తెలియకూడదు, దయచేసి ఇంటికి ఫోన్ చేయకండి," అంటుంటే స్తోయ్కా తలుపు వెనకనుంచి విన్నది. ఆ రాత్రే ఆవిడ తన సంచీ బయటికి తీసింది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. స్తోయ్కా లోపలినుంచి తన సంచీ తెచ్చి బల్ల మీద, సూప్ గిన్నె పక్కనే పెట్టింది.

"నా బట్టలు నేనే సర్దుకున్నాను. ఆ శ్రమ మీకెందుకు?"

బొజిదార్ చెంచా ఆగిపోయింది. "ఏంటమ్మా ఇది?"

"ఏ ఆశ్రమంలో చేర్చారో ఆ పేరు చెబితే చాలు. మీ ఆవిడ ఫైలులో ఉండే ఉంటుందిగా! మూడు వ్యాన్ల మీంచీ ఆయన పేరు గోకేశారు. ఆయన మొహం కూడా గోకేశారు. ఆయన ఫొటో వేయించి నా చేతులతో అంటించిన సంస్మరణ కాగితాలురా అవి! ఆయన పోయి మూడేళ్లయిన రోజున, మీరింకా లేవకముందే, మా అమ్మ నేర్పినట్టు పిండి ఉడికించి అంటించాను. ఏటా అందరిలా గేటుకి అంటిస్తే గేటు ముందుకొచ్చేవాళ్లే చూస్తారు. వ్యాన్లయితే ఆయన తిరిగిన వీధులన్నీ తిరుగుతాయని తలుపుకొకటి పెట్టాను. మీకది ఎబ్బెట్టుగా ఉంది కాబోలు!"

"అత్తయ్యా, అలా కాదు..."

"నువ్వు మాట్లాడకమ్మాయ్. నాకు తెలియకూడదన్న సంగతి నాకెందుకు చెబుతావు?"

నెవెనా మొహం ఎర్రబడింది. ఆమె భర్తవైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. కానీ బొజిదార్ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఆ కాగితాలేనమ్మా ఇదంతా తెచ్చిపెట్టింది!"

"బొజిదార్, వద్దు!"

"ఎన్నాళ్లు దాస్తావే? సంచీ సర్దుకుని కూర్చుంది చూడు!" అతను తల్లి వైపు తిరిగాడు. "ఊరి నడిబొడ్డులోకి వచ్చే వ్యాపారం బండి మీద మున్సిపాలిటీ ఒప్పుకున్న బొమ్మే ఉండాలి. పేరెంత, ఆవెంత, ఎక్కడ ఉండాలి అన్నీ కాగితం మీద గీసిచ్చి ముద్ర వేయించుకుంటాం. దానికి బెత్తెడు ఎక్కువైనా తప్పే. నువ్వు అంటించిన రోజు పొద్దున్న నేను కిందికొచ్చేసరికే డ్రైవర్లు వెళ్లిపోయారు. ఇన్‌స్పెక్టర్ మూడింటినీ బజార్లో ఆపి ఫొటోలు తీశాడు. పీకేద్దామంటే నీ పిండి జిగురు స్టిక్కర్‌ని పట్టుకుని వదల్లేదు, తోలు లేచినట్టు లేచిపోయింది. చిరిగిన స్టిక్కర్‌తో తిరిగితే ఇంకో తప్పు. అందుకని రోజుకో వ్యాన్ చొప్పున మొత్తం ఒలిచేశాను. కొత్తదానికి మళ్లీ మొదటినుంచీ అనుమతి తెచ్చుకోవాలి."

స్తోయ్కా కోడలివైపు చూసింది. "మరి ఇది ఊళ్లో ఏం చేస్తోంది?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"ఎవరంటించారని అడిగితే తనే అంటించానని రాసిచ్చింది. నీ పేరు చెబితే నిన్ను పిలిపిస్తారని. ప్రతి మంగళవారం మున్సిపాలిటీకెళ్లి అక్కడి గుమాస్తా గ్రుదెవ్ చేత చీవాట్లు తింటోంది."

"నాతో ఒక్క మాట చెబితే ఏం పోయిందే?"

నెవెనా బల్ల మీది రొట్టె ముక్కల్ని వేలితో పోగుచేస్తూ చెప్పింది. "ఆ రోజు మీరు లేచిన చప్పుడుకి నాకూ మెలకువ వచ్చిందత్తయ్యా. కిటికీలోంచి చూశాను. ఒక్కో కాగితం అంటించి, చేత్తో నిమిరి, మామయ్యతో ఏదో మాట్లాడుతున్నారు. అప్పుడే కిందికొచ్చి ఆపాల్సింది. రూల్ నాకు తెలుసు, కానీ కాళ్లు రాలేదు. అది తప్పని ఇప్పుడు చెబితే పై ఏడాది మీరు గేటుకి కూడా అంటించరు. భయపడతారు. మీ సంగతి నాకు తెలీదా?"

స్తోయ్కా కుర్చీలో కూలబడింది. కన్నీళ్లు సూప్‌లో పడుతున్నా తుడుచుకోలేదు. బొజిదార్ సంచీ తీసి లోపల పెట్టొచ్చాడు.

మంగళవారం ఇద్దరూ కలిసి మున్సిపాలిటీకెళ్లారు. కిటికీ వెనక గ్రుదెవ్ కళ్లజోడు మీంచి చూశాడు. "మళ్లీ మీరేనా! ఈవిడెవరు?"

"ఆ కాగితాలు అంటించింది నేనయ్యా," అంది స్తోయ్కా. "దీన్ని తిట్టినవన్నీ నన్ను తిట్టాలి. మొదలుపెట్టు, నాకు తొందరేం లేదు."

గ్రుదెవ్ ఫైలు మూసి, తెరిచి, మళ్లీ మూశాడు. "తిట్లు అయిపోయాయమ్మా, ఉన్నవన్నీ మీ కోడలికే ఖర్చయ్యాయి. సంస్మరణ కాగితం గేటుకి అంటించుకోండి, మిమ్మల్నెవరూ అడగరు. బండికి మాత్రం కాదు. కొత్త బొమ్మ ఇంకా పరిశీలనలో ఉంది. నెల పడుతుంది. అందాకా తెల్ల బండే."

బయటికొచ్చాక మెట్ల మీద స్తోయ్కా ఆగింది. "నిన్ను మనసులో ఎన్నెన్ని మాటలనుకున్నానో తెలుసా?"

"తెలుసు. సగం పైకే అన్నారు."

స్తోయ్కాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నెవెనా చెయ్యి పట్టుకుంది, మళ్లీ వదల్లేదు.

బొజిదార్ వాళ్లని బజారు దగ్గర ఎక్కించుకున్నాడు. సరుకు ఇవ్వాల్సిన కొట్లు ఇంకా నాలుగున్నాయి. మొదటి వీధి మలుపులో తెల్ల వ్యాన్ నెమ్మదించింది. దాని మీద పేరు లేదు, ఆవు లేదు, ఎవరి మొహమూ లేదు. స్తోయ్కా తల వంచుకుని కూర్చుంది, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు.

కూరగాయల కొట్టామె గుమ్మంలోంచి తొంగిచూసి లోపలికి కేకేసింది. "గిన్నెలు తీయండర్రా, డోబ్రిన్ వాళ్ల పెరుగొచ్చింది!"

స్తోయ్కా తలెత్తింది. ఒక క్షణం ఆ గుమ్మంవైపే చూసి, తలుపు గడి కోసం తడుముకుంది.

"దిగమ్మాయ్," అంది. "డబ్బా ఆ చివర నువ్వు పట్టుకో. ఈ చివర నేను పట్టుకుంటాను."