రంగు పడని పడుగు

తల్లి బయటికి వెళ్తానంటే శ్రవణ్‌కుమార్ ఇంత సంతోషపడటం వజ్రమ్మ ఎన్నడూ చూడలేదు. మోకాళ్ల నొప్పులంటూ కర్మన్‌ఘాట్ గుడికి కూడా ఒంటరిగా పంపని కొడుకు, ఆ ఉదయం తానే టీ పెట్టి, మెట్రో కార్డు చేతిలో పెట్టి, నిదానంగా తిరిగి రమ్మన్నాడు. ఎన్నింటికి వస్తావని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి వజ్రమ్మకు ఏదో అనుమానం తగిలింది.

పైవాటాలో ఉండే హనుమాయమ్మ, ఎదురు ఫ్లాటు ఉదయలక్ష్మి ఎప్పటినుంచో మ్యూజియం చూద్దాం రమ్మంటున్నారు. భర్త సిద్ధిరాములు పోయిన ఈ పది నెలల్లో వజ్రమ్మ సరదాకని గడప దాటడం ఇదే మొదలు. వెళ్లేముందు బీరువా తెరిచి, పాత దుప్పటిలో చుట్టిన కట్టను ఒకసారి తడిమింది. రబ్బరు వాసన గుప్పుమంది. ఎండలు ముదిరాక ఆ వాసన ఎక్కువైంది. తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది. రెండో తాళంచెవి ఎక్కడుందో కొడుక్కి తెలుసన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ఆ కట్టలో ఉన్నది సిద్ధిరాములు చివరి పట్టు పడుగు. పోచంపల్లి చీరకు డిజైను మగ్గం మీద పుట్టదు. ముందే పడుగుకు, అంటే చీర నిడివిన సాగే దారాలకు, సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కట్టి, తర్వాత రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆయన కట్టడం పూర్తిచేశాడు, ముంచేలోపే గుండె ఆగిపోయింది. కాగితం మీద గీసే అలవాటు ఆయనకు లేదు. రంగు పడకుండా ఆ ముడులు విప్పితే చేతిలో మిగిలేది తెల్లదారమే. అందుకే సంవత్సరీకం అయ్యేదాకా ఎవరూ తాకొద్దని ఆమె ఇంట్లో గట్టిగా చెప్పింది. నిజం చెప్పాలంటే ఆ తర్వాత తాకనిచ్చే ఉద్దేశం కూడా లేదు.

ఎల్బీనగర్‌లో రైలెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగారు. ఉదయలక్ష్మి గాజులు కొనకుండా ముందుకు కదలదు మరి. దుకాణం ముందు వేలాడుతున్న చీర అంచును వజ్రమ్మ చెయ్యి తెలియకుండానే తిప్పి చూసింది. వెనకవైపు వెలవెలబోయి ఉంది. సిద్ధిరాములు ఇదే బజారులో కనబడ్డ ప్రతి చీరనూ ఇలాగే తిప్పేవాడు. ఇది నేసింది కాదు, అచ్చు గుద్దిందని కొనేవాళ్ల ముందే చెప్పేవాడు. ఆయన వస్తున్నాడంటే దుకాణాలవాళ్లు చేతులెత్తి దండం పెట్టేవాళ్లు. ఆ ముచ్చట చెబుతూ వజ్రమ్మ నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లకు ఆయన గురించి నవ్వుతూ మాట్లాడగలిగినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

అంతలో శ్రవణ్ ఫోను చేశాడు. ఇంకా దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నారని తెలిసి కంగారుపడ్డాడు. మ్యూజియం మొత్తం చూసి ఐదు దాటాకే రమ్మన్నాడు. ఆఫీసుకు వెళ్తున్నానని చెప్పిన వాడి వెనక, ఎవరిదో ముసలిగొంతు బ్లేడు ఇమ్మని అడగడం వజ్రమ్మకు స్పష్టంగా వినబడింది.

హనుమాయమ్మ వైపు చూస్తే ఆవిడ చూపు తప్పించింది.

"నిజం చెప్పుండ్రి హనుమాయమ్మగారూ. మావోడు మీకేమన్న చెప్పిండా?"

"సాయంత్రం దాకా మిమ్మల్ని ఇంటికి రానివ్వొద్దన్నాడండి. ఎందుకో చెప్పలేదు. అంతగా బతిమాలితే కాదనలేకపోయాను."

వజ్రమ్మ ఇంకేమీ వినలేదు. ఆటోలో దారి పొడుగునా కళ్లముందు ఆ కట్టే కదిలింది. కొడుకు అమ్మేస్తున్నాడా, ముక్కలు చేస్తున్నాడా? చింతల్‌కుంట దగ్గర సిగ్నల్ ఎంతకీ పడలేదు.

తలుపు తీసే ఉంది. హాల్లో చాప మీద పడుగు పరిచి ఉంది. సిద్ధిరాములుతో ముప్పై ఏళ్లు పనిచేసిన జానయ్య చేతిలో బ్లేడు, చుట్టూ తెగిన నల్లటి రబ్బరు ముక్కలు.

"మీ నాయిన్ను రెండోసారి సంపుతున్నవురా?" అంది వజ్రమ్మ. గొంతు పెంచలేదు.

ఆమె ఒంగి పడుగును లాక్కోబోయింది. కరిగిన రబ్బరు బెల్లం పాకంలా వేళ్లకు అంటుకుంది. చెయ్యి తీస్తే దాంతోపాటు నాలుగు పట్టుపోగులు పుటుక్కున తెగి వచ్చాయి.

"ఎండలకు బీరువల పెడితే రబ్బరు ఆగుతదా వదినా?" అన్నాడు జానయ్య మెల్లగా. "ఏడెనిమిది కట్లు కరిగినయ్. గవి తీసి మళ్ల కట్టి, ఇయ్యాల్నే ముంచాలె. ఇంకో నెల ఆగితే అన్న చేసిన పని ఆనవాలు కూడ మిగలదు."

తనకెందుకు చెప్పలేదని అడిగితే, బీరువా మాట ఎత్తినప్పుడల్లా రెండ్రోజులు అన్నం మానేస్తున్న తల్లికి ఎట్లా చెప్పాలో తెలియలేదన్నాడు శ్రవణ్. వజ్రమ్మ తన వేళ్లకు అంటిన పోగులనే చూస్తూ చాప మీద కూలబడింది. భద్రంగా దాచానని ఇన్నాళ్లూ అనుకుంది. తానే చేజేతులా పాడుచేసింది. పది నెలలుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఆఖరిరోజు రాత్రి అడిగిండురా. ఊరందరికి నేసిన, గిది నీకే, ఏం రంగు ముంచుమంటవ్ అన్నడు. పొయ్యి మీద పప్పు మాడుతున్నదని నేను ఇసుక్కున్న. ఏదో ఒకటి ముంచు, నన్నెందుకు అడుగుతవ్ అన్న. పొద్దుగాల ఆయన లేవలే."

శ్రవణ్ తల్లి ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ హనుమాయమ్మ కూడా ఏడ్చింది.

చాలాసేపటికి వజ్రమ్మ కళ్లు తుడుచుకుని, జానయ్య దగ్గరి కొత్త ట్యూబు ముక్కలు అందుకుంది. పాత రబ్బరు మరకలు చూసుకుంటూ, భర్త కట్టిన చోటనే, భర్త కట్టినంత మేరే, విప్పిన కట్లన్నీ తానే మళ్లీ బిగించింది. వంటింట్లో నీళ్లు మరిగాయి. ఏది ముంచాలో తెలియక జానయ్య ఎరుపు, నలుపు రెండూ తెచ్చాడు.

"చెప్పమ్మా," అన్నాడు శ్రవణ్. "నాయిన నిన్నే అడిగిండు గద."

"ఎరుపు," అంది వజ్రమ్మ.

జానయ్య పొట్లం విప్పబోయి ఆగాడు. "వదినా, ఇప్పుడు నువ్వు ఎర్రచీర కడితే నలుగురు..."

"నలుగురు అడగలే జానయ్య, ఆయన అడిగిండు. ఎర్రగనే ముంచు."