ఇరవై అక్షరాల గడి

నర్సు వస్తూనే డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూలబడింది.

"సార్, రోగి చీటీ మీది హెచ్చరిక నేనే చెరిపేశానంటున్నారు. రేపు పోలీసులకు అప్పగిస్తారట!"

పెన్సిలిన్ పడని రోగికి ఆమె ఆ ఇంజెక్షనే ఇచ్చింది. గంట తిరక్కుండా ఆయన పోయాడు.

డిటెక్టివ్‌ను ఊరంతా 'భూతద్దం' అంటుంది. ఆయన దగ్గర ఉన్నది చత్వారం అద్దాలే. అయినా అసిస్టెంటుకు ఆయన మాటే వేదవాక్కు.

ఆసుపత్రిలో, కంప్యూటర్ అచ్చువేసి, రోగి మంచానికి తగిలించిన చీటీ చూశారు. హెచ్చరిక గడిలో రోగి పేరు చివరి ముక్క ఉంది.

"ఇది చూసి ఏమనుకున్నావమ్మా?"

"పేరు పొడుగు కదా, పక్కకు జరిగిందనుకున్నా సార్. హెచ్చరికేమీ లేదనుకున్నా."

"మిగతావాళ్ల చీటీలు?"

"బాగానే ఉన్నాయి. అవన్నీ పొట్టి పేర్లే."

ఆ చీటీల ప్రోగ్రాం రాసిన ప్రోగ్రామర్ దబాయించాడు. "పేర్లు మన లిపిలో రావాలన్నారని ఎక్కువ చోటు తీసుకునే వైడ్ క్యారెక్టర్లకు మార్చాను. గడి దాటితే ఆపే తనిఖీ కూడా పెట్టాను. మా ఆఫీసులో అందరి పేర్లూ వేసి చూశాం!"

"మీవీ పొట్టి పేర్లేనా?"

అతను మెల్లగా తలూపాడు.

సాయంత్రం సూపరింటెండెంటు గదిలో అందరూ చేరారు. పోయినాయన భార్య మూలన కూర్చుంది.

"హెచ్చరికను ఎవరూ చెరపలేదు," అన్నాడు భూతద్దం. "పేరు గడిలో ఇరవై అక్షరాలకే చోటు. పాత ప్రోగ్రాంలో అక్షరానికి ఒక్క బైటు చోటు చాలు. వైడ్ క్యారెక్టర్‌కు నాలుగు. ఈయన తనిఖీలో అక్షరాలు లెక్కపెట్టి, గడిని మాత్రం బైట్లలో కొలిచాడు. ఎనభై బైట్లు చూసి, ఇరవై అక్షరాలు పట్టే చోట ఎనభై అక్షరాలు పడతాయనుకున్నాడు. ఈ ప్రోగ్రాం రాసిన సి భాషలో కాపీ చేసే ఆదేశానికి చోటుతో పనిలేదు, పేరు అయిపోయేదాకా రాసుకుంటూ పోతుంది. పొడుగు పేరు పొంగి, పక్కనున్న హెచ్చరిక మీద పడింది."

ప్రోగ్రామర్ తల పట్టుకున్నాడు. "కావాలని చేయలేదండీ."

"తెలుసు. అందుకే ఎవరిని తిట్టాలో కూడా తెలియడం లేదు," అన్నాడు భూతద్దం.

నర్సు నింద నుంచి బయటపడింది. బావురుమంది. అసిస్టెంటు గర్వంగా తన గురువు వైపు చూశాడు.

అప్పుడు మూల నుంచి పోయినాయన భార్య అడిగింది. "ఆసుపత్రి ఫారంలో పేరు నేనే రాశాను బాబూ. మా మామగారి పేరు కూడా కలిపి నిండుగా రాస్తే మా ఆయనకు ఇష్టమని. పొట్టిగా రాసుంటే బతికేవారా?"

భూతద్దం ఎన్నడూ అబద్ధమాడినవాడు కాదు. చత్వారం అద్దాలు తీసి, తుడుచుకుంటూ ఉండిపోయాడు.