నూటఇరవై మంది టీము

మే నెల ఎండలో మామ కోటు తొడుక్కుని ప్రొద్దుటూరు బస్టాండు ఎదుట ఉన్న జియావుల్లా నెట్ సెంటరులోకి అడుగుపెట్టాడు వెంకటరమణ. కంప్యూటరు ముందు కూర్చున్న అమూల్య తలెత్తి చూసింది.

“ఏంప్పా, పెండ్లి యాడ?”

“పెండ్లి కాదు మేడమ్. ప్రొఫైల్ ఫోటో.”

“ముందు ఆ కోటు విప్పు. ఫోటో తీసేలోపల నువ్వు కరిగిపోతే కంపెనీవాళ్ళకు కోటు మాత్రం పంపాల్సొస్తాది.”

వెంకటరమణ మెకానికల్ ఇంజనీరు. చదువు ముగిసి పద్నాలుగు నెలలు. ఈ కాలంలో పట్టా ఒక్కటే చాలదు, మనిషికి ‘పర్సనల్ బ్రాండ్’ ఉండాలని ఎవరో వీడియోలో చెప్పారు. ఆ పనిలో అమూల్యను మించినవాళ్ళు లేరని ప్రొద్దుటూరులో పేరు. ఉద్యోగ సలహాలు ఇచ్చే ఆమె పేజీని ఆరువేల మంది చూస్తారు. ‘నేను నమ్మనిది రాయను’ అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఆమె అతను రాసుకొచ్చిన కాగితం చదివింది.

“‘వెంకట్. డైనమిక్ లీడర్. విజనరీ.’ ఎవురప్పా ఈయన?”

“నేనే.”

“ఇంట్లో మీ నాయన నిన్ను ఏమంటాడు?”

“ఎద్దు అంటాడు.”

“అది నమ్మచ్చు. లీడర్ అన్నావు గదా, ఎప్పుడన్నా ఎవురినన్నా నడిపించినావా?”

వెంకటరమణకు రోషం వచ్చింది.

“నూటఇరవై మందిని! ఏడాదిగా! తుమ్మలపల్లె పక్క, ఫీల్డు పని.”

ఆ పక్క గని ఉంది కాబట్టి గని కాంట్రాక్టు అనుకుంది అమూల్య. ఆమె కళ్ళలో మొదటిసారి కొంచెం గౌరవం కనిపించింది. నిజం చెప్పాల్సిన క్షణం అదే. కానీ ఎండలో మాడినవాడి మీద ఒక్క వాన చినుకు పడితే ఎవడు గొడుగు విప్పుతాడు?

“మధ్యలో ఎంతమంది వదిలేసి పోయినారు?”

“ఒక్కరూ పోలే. ఇద్దరిని మాత్రం కుక్కలు కరిచినాయి.”

“సైటులో కుక్కలా? సేఫ్టీవాళ్ళు ఏం చేస్తాండారు?”

“సేఫ్టీ నేనే మేడమ్. కట్టె పట్టుకొని.”

అమూల్య అంతా టైపు చేసింది. కింద తన పేరు పెట్టి మరో మాట చేర్చింది: ‘ఈయన నమ్మదగిన మనిషి.’

ఆ తర్వాత నెలన్నరపాటు వెంకటరమణ పులివెందుల పక్క తన పల్లె నుంచి వారానికి రెండుసార్లు బస్సెక్కి వచ్చాడు, ప్రొఫైల్ దిద్దించుకోవడానికి.

“మళ్ళా ఏంది?”

“ఆ ‘పట్టుదల’ అనే మాట శానా ఎక్కువగా కనపడతాంది.”

“మాట కాదు రమణా, నువ్వే ఎక్కువగా కనపడతాండావు.”

అని నవ్వి కుర్చీ పక్కకు జరిపేది. ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ అంగడి ముందు రేకుల కింద నిలబడ్డారు. ఆమె భుజం అతని భుజానికి జానెడు దూరంలో ఉంది. ఆ జానెడులో తన అబద్ధం కూడా నిలబడి తడుస్తున్నట్టు అనిపించింది అతనికి. చెప్పేద్దామని నోరు తెరిచాడు. పులివెందుల బస్సు వచ్చేసింది. బస్సు కదిలాక గుర్తొచ్చే మాటలు, కదలకముందు ఎక్కడ దాక్కుంటాయో.

జూలైలో జమ్మలమడుగు దగ్గర ఒక సోలార్ కంపెనీ నుంచి అమూల్యకే ఫోన్ వచ్చింది. టీమ్ లీడర్ ఉద్యోగానికి వెంకటరమణను పిలుస్తారట. ముందుగా అతను టీముతో ఉన్న వీడియో కావాలట.

“రేపు పొద్దున బస్సుకు వస్తాండా,” అంది అమూల్య ఫోనులో. “టీమునంతా ఒకచోట నిలబెట్టు.”

“రేపా? రేపు అందరూ మేతకు... అదే, ఫీల్డుకు పోతారు.”

“ఫీల్డుకే వస్తా.”

వచ్చింది. వాళ్ళ పల్లె బయట బీడులో వెంకటరమణ తండ్రి కాటమయ్య తలగుడ్డ చుట్టుకుని కట్టె మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. వెనక నేల కనిపించనన్ని గొర్రెలు. వెంకటరమణ వాటి మధ్య దాక్కోవడానికి చూశాడు గాని పొడుగు ఎక్కువైంది.

“టీము యాడ మామా?” అని కాటమయ్యను అడిగింది అమూల్య.

“ఏ టీమమ్మా? ఈడ నేనూ, వీడూ, గొర్రెలూ.”

అమూల్య వెంకటరమణ ముఖం చూసింది. ఆ ముఖంలోనే జవాబు దొరికింది. వేలు చాపి లెక్క మొదలుపెట్టింది.

“ఒకటి, రెండు, మూడు...”

“అయ్యో పాపా, ఏలు దించు!” కాటమయ్య కట్టె జారవిడిచాడు. “మందను లెక్కపెట్టగూడదు, దిష్టి! మా తాత గూడా మొగాలు చూసి గుర్తుపట్టినాడే గాని ఏనాడూ లెక్కపెట్టలే!”

“మీ కొడుకు పెట్టినాడే! నూటఇరవై అని లోకమంతా చూసేటట్ల! నాలుగువేల మంది చూసినారు!”

“నాలుగువేల కండ్లా!”

“ఎనిమిదివేలు మామా.”

కాటమయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. “రేయ్, అబద్ధం చెప్తే చెప్పినావు, లెక్క ఎందుకు చెప్పినావురా!”

అమూల్యకు నవ్వు రాలేదు.

“నీ టీము గొర్రెలైతే నాకేం నామోషీ లేదు రమణా. నేను నా పేరు పెట్టి రాసినా, నమ్మదగిన మనిషని. నన్ను గూడా మందలో తోలుకుపోయినావు.”

తర్వాత వచ్చిన మొదటి బస్సుకే వెళ్ళిపోయింది. దుమ్ము సర్దుకున్నాక కూడా వెంకటరమణ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ప్రొఫైల్ అట్లాగే ఉంచితే ఉద్యోగం దక్కవచ్చు. మారిస్తే ఉద్యోగం పోతుంది, ఆమె తిరిగి వస్తుందన్న పూచీ కూడా లేదు.

అక్కడే గట్టు మీద కూర్చుని ఫోనులో మార్చాడు.

‘నా పేరు వెంకటరమణ. మెకానికల్ చదివాను. గొర్రెలు మేపాను. ఎన్ని గొర్రెలో చెప్పను, మా నాయన కొడతాడు. మందలో ఒకటి తక్కువైతే చూడగానే చెప్పగలను. నూటఇరవై మంది టీము అన్నది అబద్ధం. అది నమ్మి అమూల్యగారు రాశారు. తప్పు నాది.’

కంపెనీకి కూడా తనే ఫోన్ చేశాడు. అవతలి మనిషి చాలాసేపు నవ్వాడు. టీమ్ లీడర్ కుదరదన్నాడు. గురువారం ట్రైనీలను కూడా చూస్తున్నారు, రావాలంటే రమ్మన్నాడు.

గురువారం వెంకటరమణ పులివెందుల నుంచి నేరుగా జమ్మలమడుగు పోకుండా చుట్టుదారిన ప్రొద్దుటూరు వెళ్ళాడు. నెట్ సెంటరులో ఆమె కుర్చీ ఖాళీ. జియావుల్లా, “రెండు రోజులుగా రాలేదప్పా,” అన్నాడు. దిగాలుగా జమ్మలమడుగు బస్సెక్కాడు.

మూడో వరుసలో కిటికీ పక్కన అమూల్య కూర్చుని ఉంది. పక్క సీట్లో ఫైలు.

“నువ్వు యాడికి?”

“నువ్వు పోయేచోటికే. వాళ్ళ ఆఫీసులో ఒక ఖాళీ ఉందంట.” ఫైలు అంచు గోటితో గీకింది. “రెండేండ్లుగా తిరగతాండా రమణా. తొమ్మిది ఇంటర్వ్యూలు పోయినాయి. ఉద్యోగం ఎట్ల తెచ్చుకోవాల్నో ఆరువేల మందికి చెప్తా గాని, నాకే లేదని యాడా చెప్పలే. నువ్వు రాసింది చదివినాక, నిన్న నేనూ రాసినా.”

“ఏమన్నారు జనం?”

“వెయ్యి మంది పేజీ వదిలేసి పోయినారు.”

“తక్కిన ఐదువేలు?”

“లెక్కపెట్టొద్దు!” అని కసిరింది. వెంటనే ఇద్దరికీ నవ్వొచ్చింది.

కండక్టరు వచ్చాడు. వెంకటరమణ రెండు టికెట్లు తీసుకున్నాడు. ఆమె వద్దనలేదు.

“అమూల్యా, నువ్వంటే నాకు ఇష్టం. ఇది ఎవురూ దిద్దకుండా చెప్తాండా.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి.

“ఈ రోజు ఇద్దరికీ రాకపోతే?”

“తిరుగు బస్సులో గూడా నీ పక్కనే కూర్చుంటా.”

అమూల్య పక్క సీట్లోని ఫైలు తీసి పైన అరలో పెట్టి, అతనికి చోటిస్తూ కిటికీ వైపుకు జరిగింది.