గురువారం మూడో పీరియడ్

"ఈ పీరియడ్ నాదండీ," అన్నాడు తుల్లియో, చేతిలో చాక్‌పీసు అలాగే పట్టుకుని.

"ఇవాళ్టి నుంచి మే నెల దాకా నాది," అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి. చంకలో చిన్న కీబోర్డు, చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు. "పార్మా థియేటర్ నుంచి వచ్చాను. పేరు ఫియోరెంజా. పిల్లలకి ఒపెరా, అదే పాటల నాటకం, నేర్పడానికి. మీ హెడ్‌మిస్ట్రెస్ చెప్పలేదా?"

చెప్పింది. తుల్లియోనే వినిపించుకోలేదు.

"ఆమ్లాలు, క్షారాలు సగంలో ఉన్నాయి."

"ఉండనివ్వండి. అవెక్కడికీ పారిపోవుగా."

పిల్లలు కిసుక్కుమన్నారు. తుల్లియో చెవులు ఎర్రబడ్డాయి. వెనక బెంచీలో కూర్చుని పేపర్లు దిద్దుకోబోయాడు.

"మాస్టారూ, మీరూ లేవాలి. ప్రదర్శన రోజు పిల్లలు తమ సీట్లలోంచే కోరస్ పాడతారు, స్టేజి మీదున్న గాయకులు జవాబిస్తారు. ఊళ్ళో పెద్దవాళ్ళూ వస్తున్నారు. మీ అమ్మగారు నిన్ననే పేరిచ్చారు."

అమ్మ పేరు ఎత్తాక ఇంకేం చేస్తాడు? లేచాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

మూడో గురువారం ఆమె అతన్ని వరండాలో ఆపింది.

"మీ పెదాలు కదులుతున్నాయి. గొంతు రావడం లేదు."

"కనిపెట్టేశారా?"

"ఇరవై ఆరుమంది పిల్లల మధ్య ఒక్క మగగొంతు వినబడకపోతే తెలీదా?"

తుల్లియో నవ్వేసి చెప్పాడు. ఏడేళ్ళప్పుడు చర్చి కోరస్‌లో ఫాదర్ పక్కకి పిలిచి, "బాబూ, నువ్వు పెదాలు కదిపితే చాలు," అన్నాడట. "అప్పట్నుంచీ కదుపుతూనే ఉన్నాను. పుట్టినరోజు పాటలక్కూడా."

ఆమె మాత్రం నవ్వలేదు. "మధ్యాహ్నం భోజనాల హాల్లోకి రండి," అంది.

హాలంతా టమాటా సాస్ వాసన. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి.

"నేను పాడింది మీరు పాడొద్దు. మీకు వచ్చిందేదో ఒక స్వరం పలకండి. నేనే అక్కడికొస్తాను."

తుల్లియో కళ్ళు మూసుకుని ఏదో పలికాడు. లోతుగా, కాస్త వణుకుతూ. ఆమె గొంతు తగ్గించింది, ఇంకా తగ్గించింది, వెతుక్కుంటూ వచ్చి అతని స్వరంతో కలిసింది. ఎవరిది ఏదో తెలియలేదు. అలమారలో గాజు జగ్గు సన్నగా మోగింది.

"మీ గొంతు కింది అంతస్తులో ఉంది," అంది మెల్లగా. "ఆ ఫాదర్ మేడ మీద వెతికి లేదన్నారు."

తుల్లియో మళ్ళీ అదే స్వరం పలికి చూసుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి వారం మధ్యాహ్నం ఇద్దరూ అక్కడే సాధన చేశారు. అతని చొక్కాలు గురువారాల్లో ఇస్త్రీ మడత నలగకుండా రాసాగాయి. "సార్, సోమవారం ఈ చొక్కా ఎందుకు వేసుకోరు?" అని పిల్లలు అడిగితే అటు తిరిగి బోర్డు తుడిచాడు.

అంతా బాగుందనుకుంటుండగా బడి ముందు ఒక నల్ల కారు ఆగింది. అందులోంచి ఆరడుగుల అందగాడు దిగి, ఫియోరెంజా రెండు చెంపలమీదా ముద్దులు పెట్టి, కీబోర్డు అందుకున్నాడు. తుల్లియో రెండు వారాలు భోజనాల హాలు వైపు పోలేదు.

మూడో వారం ఆమే లాబొరేటరీలోకి వచ్చింది. "చేతకాక మానేశావా, ఇంకేమన్నా ఉందా?"

కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఇద్దరూ గమనించారు. ఎవరూ సరిచెయ్యలేదు.

"మీ కారాయన ఎదురు చూస్తుంటాడేమోనని..."

"రుజ్జేరోనా? మా బావ. మా అక్కకి ఇప్పుడు ఎనిమిదో నెల, రోజూ ఆయన కార్లోనే వెళ్ళి చూసొస్తున్నా." ఆమె చేతులు కట్టుకుంది. "సైన్సు మాస్టారివి కదా. రుజువు లేకుండా ఎలా నమ్మావు?"

తుల్లియో పరీక్ష నాళికలు సర్దడంలో మునిగిపోయాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం. పార్మా థియేటర్ నిండా పిల్లలు, అమ్మలు, రొట్టెల కొట్టు యజమాని, పోస్టుమాన్. స్టేజికి వీపు పెట్టి, ముక్కాలి పీట ఎక్కి నిలబడింది ఫియోరెంజా. చెయ్యెత్తింది. మగవాళ్ళ వంతు వచ్చింది.

తుల్లియో పాడాడు. ముందు వరసలో ఉన్న అతని తల్లి ఎర్మెలిందా చటుక్కున వెనక్కి తిరిగింది. కొడుకు పాడగా ఆమె వినడం అదే మొదలు. ఆ తర్వాత ఆమె ఒక్క పదం పాడలేకపోయింది, రుమాలుతోనే సరిపోయింది.

ప్రదర్శన అయ్యాక తుల్లియో పిల్లల్ని లెక్కపెట్టి, తల్లినీ వాళ్ళతోపాటు బస్సెక్కించాడు. ఫియోరెంజా సాగనంపడానికి వచ్చింది. సెలవులయ్యాక ఆమెకి వేరే ఊరు, వేరే బడి.

"ఇక నీ పీరియడ్ నీకు ఇచ్చేస్తున్నా," అంది.

"నాకొద్దు." అతని ఒక కాలు మెట్టు మీద, ఒకటి నేల మీద. "ఫియోరెంజా, నీతో పాడని వారం ఎలా గడుస్తుందో రెండుసార్లు చూశాను. మళ్ళీ చూడాలని లేదు. నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు ఏ ఊళ్ళో పాఠం చెబితే ఆ ఊరికి వస్తాను."

బస్సులో చప్పుడు ఆగిపోయింది. ఇరవై ఆరు తలలు కిటికీలకి అతుక్కున్నాయి.

"వింటున్నారు," అంది ఆమె, చెంపలు కందిపోయి.

"విననీ."

"నేను చెప్పేదీ వింటారు మరి." కిటికీల వైపు ఓసారి చూసింది. "నాకూ నువ్వే కావాలి."

కిటికీల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. డ్రైవర్ ఇంజన్ ఆపేసి తనూ రెండు చరిచాడు.

ముందు సీట్లో కూర్చున్న ఎర్మెలిందా కళ్ళు తుడుచుకుంది. పక్క సీట్లో పెట్టుకున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కమ్మా," అంది. "దారిలో మాట్లాడుకుందాం."