ఆత్రం కొలిచే సిగ్నల్

మద్దిలపాలెం కూడలిలో ఆ ఉదయం కూడా ప్రొఫెసర్ గొర్లె పురుషోత్తం కారుకే పచ్చలైటు వెలిగింది. వారం రోజులుగా ఇదే వరస. విశాఖలో ఏ సిగ్నలూ ఆయన్ని ఆపడం లేదు.

ఆ కొత్త సిగ్నళ్ల పేరు ‘త్వర’. స్టీరింగుకో, ఆటో హ్యాండిల్‌కో అతికించిన సెన్సర్ బండి నడిపేవాళ్ల నాడినీ, అరచేతి చెమటనూ చదువుతుంది. ఎవరి ఆత్రం ఎక్కువైతే వాళ్లకు ముందు దారి. దాన్ని కనిపెట్టింది వసంతలక్ష్మి, ఒకప్పుడు ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేసిన అమ్మాయి.

పురుషోత్తం ఆర్థికశాస్త్రవేత్త. ముప్పై ఏళ్లు బస్‌స్టాపుల్లో నిలబడి, జనాన్ని అడిగి అడిగి, మనిషి ప్రయాణ సమయానికి విలువ కట్టాడు. ఆ సర్వేలు బీరువా దాటలేదు. ఆమె సన్మానం పోస్టర్లు మాత్రం కూడలి కూడలికీ వెలిశాయి. చూసినప్పుడల్లా కడుపు రగిలిపోయేది. ఇవాళ ఆ సభకే బయల్దేరాడు, నలుగురి ముందూ తప్పు పట్టాలని.

పక్క రోడ్డులో ఎర్రలైటు దగ్గర ఒక ఆటో ఆగి ఉంది. వెనక సీట్లో నిండు గర్భిణి మెలికలు తిరిగిపోతోంది.

“బాబూ, పిల్లకి నొప్పులొచ్చేసినాయి! మమ్మల్ని ముందెల్లనియ్యండి!” అని ఆమె తల్లి కేక పెట్టింది.

ఆటో నడుపుతున్న పెద్దాయన అనుభవజ్ఞుడు. చెయ్యి వణకలేదు, గుండె అదరలేదు. అందుకే లైటు అతన్ని పట్టించుకోలేదు.

పురుషోత్తం కారును రోడ్డుకి అడ్డంగా ఆపి, దిగి, చేతులూపి ఆటోను పంపించాడు. వెనక హారన్ల మోత మోగిపోయింది.

సభ మొదలవకముందే వసంతలక్ష్మిని పక్కకు పిలిచాడు.

“నీ మెషీన్‌లో తప్పుంది.”

“రుజువుందా మాస్టారూ?”

ఉన్న రుజువల్లా ఒక్కటే. కారు తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

“నా కారు రీడింగులు తీసి చూడు. వారంగా నాకు ఏ తొందరా లేదు. నీ పోస్టర్ కనిపించిన ప్రతిచోటా నాడి ఎగిరింది. అది అసూయమ్మా. నీ సెన్సర్ దాన్నే ఆత్రం అనుకుంటోంది.”

ఆమె నవ్వలేదు. “ఈ మాట అందరికీ చెబుతారా?”

“రాసిస్తాను,” అన్నాడు తల దించుకుని.

కొన్నాళ్లకు వెనక సీట్లకూ సెన్సర్లు వచ్చాయి. ఆయన రాసిచ్చిన పేపర్‌లోని రీడింగుల ఆధారంగానే ‘త్వర’ ఇప్పుడు అసూయను లెక్కగట్టి తీసేస్తోంది. దేశదేశాల ట్రాఫిక్ ఇంజినీర్లు ఆ అంకెను ‘గొర్లె గుణకం’ అంటున్నారు.

మొన్న వసంతలక్ష్మి ఫోన్ చేసింది. “మాస్టారూ, ఈ ఏడాది అంతర్జాతీయ బహుమతి మీ పేపర్‌కేనట. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్లుగా ఉంది.”

“రీడింగు పంపించమ్మా,” అన్నాడు పురుషోత్తం, సంతోషం దాచుకోలేక.