మధ్యలో మూడువందల పదిహేడు

గజపతినగరం బాప్టిస్టు చర్చిలో పాటల బోర్డుకు అంకెలు తగిలించే పని పాస్టరు ఏసుదానంగారి అమ్మాయి మెర్సీది. ఒకదాని కింద ఒకటి మూడు పాటలు, పాటకు మూడంకెలు. సాలూరు నుంచి జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడానికి వచ్చిన బెన్హర్, మొదటి ఆదివారమే ఆ మూడింటినీ పక్కపక్కన చేర్చి ఒకే తొమ్మిదంకెల సంఖ్యగా చదివేశాడు. ఆరాధన అవగానే, మీ బోర్డు పదిహేడో ఎక్కంలో శేషం లేకుండా పోతుందండీ అని ఆమెకే వెళ్లి చెప్పాడు. తనేదో తప్పు తగిలించిందని ఎత్తిపొడుస్తున్నాడనుకుని మెర్సీ వారం రోజులు మొహం చిట్లించుకు తిరిగింది.

తరువాత కోపం పోయి కుతూహలం పట్టుకుంది. ఏ సంఖ్య ఏ ఎక్కంలో పోతుందో, ఏది ఎవరికీ లొంగదో, వాన పడుతుంటే చర్చి వరండాలో నిలబడి అడిగేది. ఆ వానలన్నీ బెన్హర్‌కు మరీ చిన్నవనిపించేవి. చివరికొక శనివారం ధైర్యం చేసి, నువ్వంటే ఇష్టమని చెప్పేశాడు.

మెర్సీ అంకెల పెట్టె మూసి, నవ్వు ఆపుకుంటూ అంది. "రేపు బోర్డు సూడండి మాస్టారూ. ఇరవై లోపు ఏ ఎక్కంలోనైనా పోతే మీ అమ్మగార్ని మా ఇంటికి తీసుకురండి. పోకపోతే ఈ మాట మరెత్తకండి."

ఆదివారం బోర్డు మీద 104, 317, 213.

బెన్హర్ మనసులోనే లెక్క మొదలెట్టాడు. బేసి సంఖ్య, రెండో ఎక్కంలో పోదు. అంకెలన్నీ కూడితే ఇరవై రెండు, మూడులోనూ పోదు. చివర అయిదూ లేదు, సున్నా లేదు. పైగా 317 కోతల పండుగ పాట. ఇత్తనాలే సల్లనేదు, కోతల పాటేటని వెనక బెంచీలో అప్పలమ్మ గొణుగుతోంది.

చివరికి మొదటి పాట నంబరునూ చివరి పాట నంబరునూ కూడి, మధ్యదాన్ని తీసేశాడు. సున్నా. మళ్లీ తీశాడు. సున్నాయే! అలా సున్నా వస్తే ఆ సంఖ్య వెయ్యిన్నొకటితో శేషం లేకుండా పోయినట్టే. వెయ్యిన్నొకటంటే ఏడూ పదకొండూ పదమూడూ హెచ్చవేసిందే, కాబట్టి ఆ ఎక్కాలన్నిటిలోనూ పోతుంది. కిందటి నెల వరండాలో తనే మెర్సీకి నేర్పిన ఉపాయం. తండ్రి ఎంచి ఇచ్చిన రెండు పాటల నంబర్లూ కూడితే ఎంతో లెక్కగట్టి, ఆ నంబరు పాటే తెచ్చి ఆమె మధ్యలో పెట్టింది. బెన్హర్ ఆనందం పట్టలేక కోతల పాటను అందరికంటే గట్టిగా, రాగం తప్పి పాడాడు.

పాట మధ్యలో ఒక సంగతి గుర్తొచ్చింది. పాస్టరుగారు ఒప్పుకోనిదే బోర్డు మీదకు ఏ పాటా ఎక్కదు. మరి ఆయనకు ఏమని చెప్పింది?

గుమ్మం దగ్గర ఏసుదానంగారు అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"కాలం కాని కాలంలో ఈ పాటేటే అని అడిగితే, మా అమ్మాయి నిజం సెప్పీసింది బాబూ." ఆయన మీసం కదిలింది. "సాలూరు బస్సు పన్నెండున్నరకి ఉన్నాది. మీ అమ్మగార్ని ఇయ్యాలే తీసుకొచ్చీ. ఆలీసం సేసినావంటే, వచ్చే ఆదివారం ఏ సంఖ్య పెట్టీస్తాదో నాకు తెల్దు."