కారులో మిగిలిన చెప్పులు

నవంబరు తొమ్మిది. ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ తిన్నది కాస్త బ్రెడ్డు, ఒక ఉడికించిన గుడ్డు. రెండో గుడ్డు పెంకు సగం వలిచేసరికి ఫోన్ మోగింది.

కొండ మీద వ్యూ పాయింట్ దగ్గర మనిషి మాయం!

జీపు పైకి చేరేసరికి నాలుగు దాటింది. పొగమంచు రోడ్డును మింగేస్తోంది. చీకటి పడితే చలికే మనిషి దక్కడు.

పార్కింగులో ఒకటే కారు. దాని పక్కన వణుకుతూ ఒక టైలర్. మాయమైనవాడు అతని స్నేహితుడు, ఫొటోగ్రాఫర్. ఇద్దరివీ పక్కపక్క షాపులు. కొండ చూసి సాయంత్రానికి తిరిగి వెళ్దామని పొద్దున్నే వచ్చారు.

"ఏం జరిగింది?"

"భోంచేశాక కారులో కునుకు పట్టింది సార్. లేచి చూస్తే బావ లేడు."

"బావా?"

"చుట్టరికం లేదండీ. పిలుపంతే."

"ఎటు వెళ్ళుంటాడు?"

"తూర్పున వ్యూ టవర్ ఉంది కదండీ, అటే అయ్యుంటుంది. ఫొటోల పిచ్చి కదా."

గాలింపు టీమ్ అప్పటికే తూర్పున టవర్ వైపు వెళ్ళింది. పడమర ఉన్నది పాత కాలిబాట. కొండచరియ విరిగిపడ్డాక దాన్ని మూసేశారు.

ఇన్‌స్పెక్టర్ కారులోకి తొంగిచూశాడు. వెనక సీటు కింద చెప్పుల జత.

"ఎవరివి?"

"బావవే. బూట్లు వేసుకున్నట్టున్నాడు."

"లేసులున్నవా?"

"అవును సార్."

ఇన్‌స్పెక్టర్ ఫొటోగ్రాఫర్ కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ నాన్నగారు పొద్దున బూట్లు వేసుకునే బయల్దేరారా?"

"లేదండీ. నడుం ఆపరేషనయ్యాక ఆయన వంగలేరు. రోజూ లేసులు నేనే కడతాను. ఇవాళ నన్ను లేపలేదు. లేచి చూస్తే బూట్లు లేవు, చేత్తో పట్టుకుపోయినట్టున్నారు. దొరికారా అండీ?"

"వెతుకుతున్నామమ్మా."

ఇన్‌స్పెక్టర్ పార్కింగు గేటు దగ్గరున్న వాచ్‌మన్ వైపు తిరిగాడు.

"ఇవాళ ఇంకెవరైనా వచ్చారా?"

"ఈ మంచులో ఎవరొస్తారు సార్? వీళ్ళిద్దరే."

ఇన్‌స్పెక్టర్ టైలర్‌ను కారు సీటులో కూర్చోబెట్టాడు. గొంతు తగ్గించాడు.

"మీ బావ వంగలేడు. ఇక్కడున్నది మీరిద్దరే. మీరు నిద్రపోతుంటే ఆ లేసులు ఎవరు కట్టారు?"

టైలర్ సీటు కింది చెప్పుల వైపు చూశాడు.

"టవర్ దాకా సిమెంటు మెట్లున్నాయి. చెప్పులు చాలు. బూట్లు కావలసింది పాత బాటకే. అవునా?"

టైలర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నేనే కట్టాను సార్. అంచుకి పోతుంటే వద్దు బావా అని కెమెరా బ్యాగు పట్టీ పట్టుకుని లాగాను. తెగింది. నేను కుట్టిన పట్టీయే! కింద పడిపోయాడు. ఎంత పిలిచినా పలకలేదు. నేనే తోసి చంపానంటారని..."

"చనిపోవడం చూశావా?"

"లేదు."

"మరి చచ్చిపోయాడని నువ్వే తేల్చేశావా?"

ఇన్‌స్పెక్టర్ గొంతు మొదటిసారి పెరిగింది. వైర్‌లెస్ అందుకున్నాడు. "టీమ్ మొత్తం పడమరకి! తాళ్ళు తీసుకోండి!"

మసకచీకటిలో టార్చి వెలుగుకు ముందు ఒక బూటు కనిపించింది. పొద వేళ్ళ మధ్య గట్టిగా ఇరుక్కుని ఉంది. అందులో కాలుంది. ఆ కాలి మనిషి వాలులో అడ్డంగా పడి ఉన్నాడు. కింద లోయ.

ఊపిరి ఆడుతోంది.

ఆసుపత్రి గదిలో కాలికి కట్టుతో ఫొటోగ్రాఫర్ కళ్ళు తెరిచాడు. కూతురు పక్కనే కూర్చుంది. టైలర్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఆ దర్జీగాడేడీ?"

"ఇక్కడే ఉన్నాను బావా."

"పట్టీ కుట్టడం చేతకాదు గానీ, చిన్నపిల్లాడికి కట్టినట్టు లేసు మాత్రం రెండు ముళ్ళు బిగించావు. ఎంత జారినా బూటు ఊడలేదురా."

"అబద్ధం చెప్పాను బావా. నిన్ను వదిలేసి వచ్చాను."

"ఇన్‌స్పెక్టర్‌గారు చెబుతుంటే కళ్ళు మూసుకునే అంతా విన్నాను. కాలు అతకనీ, నీ పని చెబుతా. ముందు ఆ దుప్పటి పైకి లాగు. వంగలేను."

కూతురు లేచి, తన కుర్చీని టైలర్ వైపు జరిపింది.

ఇన్‌స్పెక్టర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. స్టేట్‌మెంట్ రేపు తీసుకోవచ్చు. వెనక్కి అడుగేసి, ఆ రాత్రికి ఆ గది తలుపు చప్పుడు కాకుండా మూశాడు.